మన ఊరి పేరున్న యుద్ధవిమానాలు – ఏడవ నిజాం జీవితం



మేము కిషన్‌బాగ్ హాస్టల్లో ఉన్న రోజుల్లో మా ట్రంకు పెట్టె మూత లోపలంతా యుద్ధవిమానాల బొమ్మలే అతికించుకున్నాము. పేపర్లో ఎక్కడ కనిపించినా కత్తిరించి దాచేవాళ్లం. అన్నింటిలోకి స్పిట్‌ఫైర్ అంటే మాకు ప్రాణం. స్పిట్‌ఫైర్లు నడిపిన ఒక బ్రిటిష్ దళానికి హైదరాబాద్ అనే పేరుందని పీజీలో చేరాక చదివి ఆశ్చర్యపోయాము. ఆ పేరు వెనుక ఉన్న మనిషి ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్.

ఆయన 1886లో మన కిషన్‌బాగ్‌కు దగ్గర్లోనే ఉన్న పురానీ హవేలీలో పుట్టారు. తండ్రి మహబూబ్ అలీ పాషా మరణంతో 1911లో గద్దెనెక్కారు. మూడేళ్లకే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. నిజాం ఇంగ్లీషువారికి ధారాళంగా డబ్బిచ్చారు. ఆ డబ్బుతోనే బ్రిటిష్ వైమానిక దళంలోని 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్ 9ఏ విమానాలు సమకూరాయి. ప్రతి విమానం మీద ఇది నిజాం కానుక అని రాయించారు. 400 హార్స్ పవర్ ఇంజను, ఇద్దరు మనుషులు, రెక్కల కింద బాంబులు. 1918 సెప్టెంబరు నుంచి ఇవి ఫ్రాన్స్‌లో ఎగిరి పట్టపగలు జర్మనీ పట్టణాల మీద దాడి చేసేవి. యుద్ధం ముగిసేలోగా, అంటే దాదాపు రెండు నెలల్లోనే, 17 విమానాలు తిరిగి రాలేదు. ఆ 1918లోనే నిజాంకు బ్రిటిష్ ప్రభుత్వపు నమ్మకమైన మిత్రుడు అనే బిరుదు దక్కింది.

రెండవ ప్రపంచ యుద్ధంలో ఆయన పేరు ఇంకా పైకెగిరింది. 1939 అక్టోబరులో మళ్లీ ఏర్పడిన 152వ స్క్వాడ్రన్‌కు ఆయన కానుకకు గుర్తుగా హైదరాబాద్ పేరు పెట్టారు. దళం చిహ్నం మీద నిజాం తలపాగా, కింద నమ్మకమైన మిత్రుడు అన్న అర్థం వచ్చే మాటలు. 1940 జులైలో ఈ దళం ఇంగ్లండు దక్షిణ తీరంలోని వార్మ్‌వెల్‌కు చేరింది. పోర్ట్‌లాండ్ నౌకా స్థావరం మీదికి వచ్చే జర్మన్ విమానాలను అడ్డుకోవడం దాని పని. ఆగస్టు 25న ఆ వార్మ్‌వెల్ మీదే బాంబులు పడ్డాయి.

గాలిలో యుద్ధం సినిమాల్లో చూపినట్టు ఉండదు తమ్ముళ్లూ. అప్పటి స్పిట్‌ఫైర్‌కు ఎనిమిది మెషిన్ గన్లు ఉండేవి. ట్రిగ్గర్ వదలకుండా నొక్కితే ఉన్న గుళ్లన్నీ 15 సెకన్లకే అయిపోయేవి. అందుకే బాగా దగ్గరికి వెళ్లి, రెండు మూడు సెకన్లు మాత్రమే కాల్చి పక్కకు తప్పుకోవాలి. శత్రువు మెసర్‌ష్మిట్ 109కి ఇంకో కష్టం. సముద్రం దాటి వస్తే తిరిగి వెళ్లడానికి పెట్రోలు చూసుకుంటూ పోరాడాలి. 1943 చివర్లో ఈ హైదరాబాద్ దళం తూర్పుకు వచ్చి, బర్మా యుద్ధంలో జపాన్ విమానాలతో తలపడింది.

చదువుతుంటే మాకు గర్వంగానే అనిపించింది. తర్వాత ఒక ప్రశ్న పట్టుకుంది. ఆ డబ్బు ఎవరిది? ఖజానా నుంచి ఇచ్చినా, నిజాం సొంత భూములైన సర్ఫ్-ఎ-ఖాస్ నుంచి ఇచ్చినా, అది రైతు కట్టిన శిస్తే. రెండవ యుద్ధకాలంలో తెలంగాణ పల్లెల్లో లెవీ ధాన్యం వసూలు చేస్తుండేవారు, వెట్టి చేయిస్తుండేవారు. మా ముత్తాత దొర దగ్గర జీతమున్నాడని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ స్పిట్‌ఫైర్ రెక్కలో ఒక మేకు ఆయన చెమటదే అయి ఉండాలి.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి అడుగుపెట్టింది. పైన భారత వైమానిక దళం టెంపెస్ట్ విమానాలు ఎగిరాయి. ఇంగ్లండుకు దళాలకు దళాలే కానుకిచ్చిన నిజాం దగ్గర వాటిని ఎదుర్కోవడానికి ఒక్క ఫైటర్ దళం లేదు. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ కరాచీ నుంచి రాత్రిపూట దొంగచాటుగా తెచ్చిన ఆయుధాలు అక్కరకు రాలేదు. నమ్మకమైన మిత్రుడికి లండన్ నుంచి సాయమూ రాలేదు. ఐదో రోజుకు నిజాం లొంగిపోయారు. ఆ రోజుల్లో ఎవరికి మేలు జరిగింది, ఎవరికి కీడు జరిగింది అన్నది వేరే పెద్ద కథ.

ఆ తర్వాత ఆయన 1950 నుంచి 1956 వరకు రాజప్రముఖ్‌గా ఉన్నారు. 1965 యుద్ధ సమయంలో ఐదు టన్నుల బంగారం దానమిచ్చారని ఊరంతా చెప్పుకుంటారు. నిజానికి ఆయన 425 కిలోల బంగారాన్ని వడ్డీ వచ్చే రక్షణ బాండ్లలో పెట్టారు. 1967 ఫిబ్రవరి 24న కింగ్ కోఠీలో కన్నుమూశారు.

1918లో ఆయన పేరు మీద రెండు పనులు జరిగాయి. ఒకటి ఆ విమానాలు, రెండోది ఉస్మానియా విశ్వవిద్యాలయం. విమానాలు ఎన్నడో కూలిపోయాయి, మిగిలినవి తుక్కయ్యాయి. ఉర్దూలో మొదలైన ఆ విశ్వవిద్యాలయంలోకి పల్లె పిల్లలు రావడానికి చాలా ఏళ్లు పట్టినా, తలుపు మాత్రం నిలిచింది. మా ఇంట్లో మొదటి డిగ్రీ మాది. అందుకే ఆ రెండో పని విలువ మాకు తెలుసు.

ఇంకొక్క మాట. 1923లో మన హైదరాబాద్‌లో పుట్టి, నిజాం కాలేజీలో చదివిన ఇద్రిస్ హసన్ లతీఫ్ 1942లో వైమానిక దళంలో చేరారు. 1978లో భారత వైమానిక దళాధిపతి అయ్యారు. కానుకగా ఇచ్చిన విమానం వేరేవాళ్ల చేతిలో ఎగురుతుంది, నేర్చుకున్న విద్య మాత్రం మనతోనే ఉంటుంది. దుండిగల్ అకాడమీ మన ఊరి అంచునే ఉంది. తమ్ముళ్లూ, మీ ట్రంకు పెట్టెల్లో కూడా విమానాల బొమ్మలుంటే తీసేయకండి. వాటి పక్కనే లెక్కల పుస్తకం, ఫిజిక్స్ పుస్తకం పెట్టుకోండి.