మహాకాయుడు లిప్స్‌కమ్

దేహబలం కలవానికి భయముండదని లోకం తలుస్తుంది. ఏనుగును చూచి బెదరడమే మనకు తెలుసు. ఏనుగు గుండెలోనూ బెదురు ఉండవచ్చునన్న ఊహ మనకు రాదు. అమెరికా దేశపు ఫుట్‌బాల్ క్రీడలో బిగ్ డాడీ అనే పేరుతో ప్రసిద్ధుడైన యూజీన్ అలెన్ లిప్స్‌కమ్ విషయంలో లోకం ఇట్లే పొరబడినది. ఆరడుగుల ఆరంగుళాల ఎత్తు, దాదాపు 285 పౌన్ల బరువు గల ఆ మనిషిని మైదానంలో చూచినవారెవరూ, అతడు రాత్రివేళ భయంతో నిద్రపట్టక బాధపడేవాడంటే నమ్మలేకపోయినారు.

అమెరికాలో ఫుట్‌బాల్ అనబడేది మన పాఠశాలల్లో కాలితో బంతిని తన్ని ఆడే ఆట కాదు. రెండు కొనలు సన్నగా ఉన్న బంతిని చేతబట్టి పరుగెత్తడం, దూరాననున్న తోటివానికి విసరడం అందులో ప్రధానం. నూరు గజాల మైదానంలో ఒక్కొక్క పక్షాన 11 మంది నిలుస్తారు. బంతి తమ వశంలో ఉన్న పక్షం వారు నాలుగు ప్రయత్నాలలో 10 గజాలైనా ముందుకు సాగాలి; లేకుంటే బంతి ఎదుటివారి పరమవుతుంది. వారిని సాగనీయకుండా ముందు వరుసలో నిలిచి, అడ్డువచ్చిన బలశాలులను త్రోసివేసి, బంతి పట్టినవానిని నేల కూల్చడమే రక్షణపంక్తి ఆటగాని పని. చెడుగుడులో కూతకు వచ్చినవానిని గీత దాటకుండా పట్టేవాని పనికి ఇది కొంత దగ్గర. చప్పట్లు సాధారణంగా బంతితో పరుగెత్తినవానికే దక్కుతాయి. పట్టి పడవేసేవాని కొరకు జనం మైదానానికి రావడం అరుదు. లిప్స్‌కమ్ కొరకు వచ్చినారు.

అతడు 1931వ సంవత్సరం ఆగస్టు 9వ తేదీన అలబామా రాష్ట్రంలోని యూనియన్‌టౌన్‌లో ఒక పేద నీగ్రో కుటుంబంలో జన్మించినాడు. తండ్రి అతని పసితనంలోనే మరణించినాడు. దక్షిణాది రాష్ట్రాలలోని దారిద్ర్యాన్ని, వర్ణవివక్షను తప్పించుకొని లక్షలాది నీగ్రోలు ఉత్తరాది కర్మాగారాల నగరాలకు తరలిపోతున్న కాలమది. తల్లి కూడ బిడ్డను వెంటబెట్టుకొని డెట్రాయిట్ నగరానికి చేరినది. అక్కడ, కుమారునికి పదకొండేళ్ళ ప్రాయంలో, బస్సు కొరకు నిలుచున్న ఆమెను పరిచయస్థుడొకడు కత్తితో పొడిచి చంపినాడు. ఆమె దేహంపై 47 గాయాలున్నవి. ఆ వార్త ఆ పిల్లవాని మనస్సులో చేసిన గాయాన్ని లెక్కించినవారు లేరు.

తర్వాత తాతగారి ఇంట పెరిగినాడు. తాత మనుమనికి నీడనిచ్చినాడు కాని లాలన ఎరుగడు, శిక్షలో కఠినుడు. తన బట్టలకు, ఇంటిలో తన తిండికి, వసతికి ఆ బాలుడే సంపాదించుకోవలసి వచ్చినది. హోటళ్ళలో పాత్రలు తోమినాడు, లారీలకు సరుకులెత్తినాడు, కొంతకాలం అర్ధరాత్రి మొదలు తెల్లవారేవరకు ఉక్కు కర్మాగారంలో పనిచేసి, అక్కడే బట్టలు మార్చుకొని పాఠశాలకు పోయేవాడు. నిద్రలేని కన్నులతో వెనుక వరుసలో కూర్చున్న విద్యార్థికి పాఠం ఎంత తలకెక్కుతుందో ఉపాధ్యాయులకు చెప్పనక్కరలేదు. మిల్లర్ హైస్కూలులో అతని చదువు పూర్తి కాలేదు. చదువు వదలి నావికా పదాతి దళమైన మెరీన్ కోరులో చేరినాడు.

ఆ సైనికజీవితమే అతనికి దారి చూపినది. కాలిఫోర్నియాలోని పెండిల్టన్ శిబిరంలో సైనికుల జట్టు తరపున అతడు ఆడుతుండగా చూచి, 1953లో లాస్ ఏంజిలిస్ రామ్స్ వారు తమ జట్టులో చేర్చుకొన్నారు. ఆ వృత్తిలో ఇది విడ్డూరం. తోటి ఆటగాళ్ళు చాలమంది విశ్వవిద్యాలయాలలో నాలుగేళ్ళు ఆడి, ఆ క్రీడలోని మెలకువలు అభ్యసించి వచ్చినవారు. ఆటగాళ్ళ పట్టికలో ప్రతి పేరుకు ఎదుట ఒక విశ్వవిద్యాలయం పేరుండగా, లిప్స్‌కమ్ పేరుకు ఎదుట డెట్రాయిట్‌లోని హైస్కూలు పేరు మాత్రమే ఉండేది. మొదట బలమే తప్ప నేర్పు లేదు. కోపం, త్రాగుడు అతనికి తోడైనవి. మూడేళ్ళు చూచి రామ్స్ వారు అతనిని వదలుకొన్నారు. 1956లో బాల్టిమోర్ కోల్ట్స్ వారు కేవలం 100 డాలర్లు చెల్లించి అతనిని తీసుకొన్నారు.

నూరు డాలర్ల మనిషి బాల్టిమోర్‌లో వేరొక మనిషి అయినాడు. వీబ్ యూబ్యాంక్ అక్కడ శిక్షకుడు. జీనో మార్చెట్టి, ఆర్ట్ డోనొవన్ వంటి నేర్పరులు ప్రక్కన నిలిచిన సహచరులు. కాళ్ళు ఎట్లా నిలపాలో, చేతులు ఎప్పుడు వాడాలో వారిని చూచి నేర్చుకొన్నాడు. అంత పెద్ద దేహంతో మైదానపు ఒక అంచు నుండి రెండవ అంచు వరకు పరుగెత్తి, పారిపోతున్నవానిని తరిమి పట్టగలగడం అతని ప్రత్యేకత. అంతవరకు అట్టి భారీకాయులు నిలుచున్న చోటనే పోరాడేవారు. 76వ అంకె గల అతని చొక్కా అంచు ఎప్పుడూ వెలుపల వ్రేలాడుతుండేది. ఎదుటివానిని పడగొట్టిన మరుక్షణం చేయందించి లేవనెత్తేవాడు. తాను క్రూరుడనని చూచే పిల్లలు అనుకోరాదన్నదే దీనికి అతడు చెప్పిన కారణం.

బిగ్ డాడీ అంటే పెద్ద తండ్రి అని భావం. తోటివారి పేర్లు గుర్తుండక అందరినీ చిన్న తండ్రీ అని పిలిచేవాడట. వారు బదులుగా అతనిని పెద్ద తండ్రిని చేసినారు. తండ్రి ముఖం ఎరుగని వానికి ఈ పేరు స్థిరపడినది. వీధిలో చెప్పులు లేని పిల్లవాడు కనబడితే దుకాణానికి తీసుకొనిపోయి బూట్లు కొనిపెట్టేవాడని సహచరులు చెప్పేవారు.

1958 డిసెంబరు 28న న్యూయార్క్‌లోని యాంకీ స్టేడియంలో ఆ ఏటి తుదిపోటీ జరిగినది. 64 వేలమంది మైదానంలోను, కోట్లాదిమంది టెలివిజన్‌లోను చూచినారు. ఆట చివరి నిమిషాలలో న్యూయార్క్ జయంట్స్ జట్టు మూడు పాయింట్ల ఆధిక్యంలో ఉన్నది. వారి ఆటగాడు ఫ్రాంక్ గిఫర్డ్ మరికొంత సాగి ఉంటే విజయం వారిదే. మార్చెట్టి అతనిని పట్టినాడు. లిప్స్‌కమ్ వచ్చి పైబడినాడు. గిఫర్డ్ ఆగినాడు, కాని ఆ బరువు క్రింద మార్చెట్టి చీలమండ విరిగినది. బంతి బాల్టిమోర్ వారికి వచ్చినది. జానీ యునైటస్ నాయకత్వాన వారు స్కోరు సమం చేసి, అదనపు కాలంలో 23-17 తేడాతో గెలిచినారు. ఆ సంఘపు ఛాంపియన్ పోటీ అదనపు కాలంలో తేలడం అదే ప్రథమం. మరుసటి ఏడు కూడ విజయం వారినే వరించినది.

కాని ఆ కీర్తికి హద్దులున్నవి. మైదానంలో జయజయధ్వానాలు అందుకొన్న నీగ్రో ఆటగాడు, ఆట ముగిసిన పిమ్మట అదే బాల్టిమోర్ నగరంలో అనేక భోజనశాలల్లో కూర్చొని తినే వీలులేని రోజులవి. లిప్స్‌కమ్‌కు అంతకు మించిన వేదన ఒకటి ఉన్నది. రాత్రి పడుకొనేముందు మంచాన్ని తలుపుకు అడ్డంగా జరుపుకొనేవాడనీ, ఒక్కొక్కసారి కారణం చెప్పకుండా కన్నీరు పెట్టుకొనేవాడనీ అతనితో ఒకే గదిలో ఉన్నవారు తర్వాత వెల్లడించినారు. మూడుసార్లు వివాహం చేసుకొన్నాడు. ఒక్క సంసారమూ నిలువలేదు. డబ్బు చేతిలో ఆగలేదు. ఆట లేని నెలలలో కుస్తీ పోటీలలో దిగి సంపాదించేవాడు.

1961లో కోల్ట్స్ వారు అతనిని పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్టుకు మార్చినారు. అక్కడా రాణించినాడు. 1963 జనవరిలో, మేటి ఆటగాళ్ళను ఎంపికచేసి ఆడించే ప్రో బౌల్ పోటీలో, ముందు వరుస ఆటగాళ్ళలో ఉత్తముడుగా గౌరవం పొందినాడు. అది అతని చివరి ఆట. నాలుగు నెలలకే, మే 10వ తేదీన, బాల్టిమోర్‌లో మరణించినాడు. వయస్సు 31 సంవత్సరాలు. హెరాయిన్ అనే మత్తుమందు మితిమీరడమే కారణమని వైద్యాధికారి తేల్చినాడు. మిత్రులు నమ్మలేదు. డాక్టరు సూది చూస్తేనే వణికేవాడు తనంతట తాను సూది గ్రుచ్చుకొంటాడా అన్నది వారి సందేహం. కుడిచేతి వాటం గల మనిషికి కుడి చేతిమీదనే సూది గుర్తులుండడం ఆ సందేహాన్ని బలపరచినది. ఆ చిక్కు నేటికీ విడలేదు.

బాల్టిమోర్‌లో వేలాది జనం బారులుతీరి అతనిని కడసారి చూచినారు. పిమ్మట డెట్రాయిట్‌కు తీసుకొనిపోయి సమాధి చేసినారు. తల్లిని పోగొట్టుకొన్న నగరంలోనే అతనికి చివరి చోటు దొరికినది.

ఆ బాలుడు మిల్లర్ హైస్కూలుకు వచ్చిన ప్రతి ఉదయం అతని కళ్ళలో రాత్రిపని అలసట కనబడి ఉండాలి. దాని వెనుకనున్న దుఃఖం మాత్రం కనబడి ఉండదు. బలిష్ఠుడైన పిల్లవానికి ఓదార్పు అవసరమని ఎవరికీ తోచదు. వెనుక వరుసలో తలవాల్చి నిద్రపోయే విద్యార్థిని మందలించే ముందు, రాత్రి అతడు ఎక్కడ ఉన్నాడో ఒక్కమాట అడిగే ఉపాధ్యాయుడు ఏ దేశంలోనైనా, ఏ పాఠశాలలోనైనా ఉండదగినవాడు.