మతి తప్పినవాని నేరం – జస్టిస్ కోకా సుబ్బారావు

మతిస్థిమితం లేనివాడు, నిద్రలో ఉన్నవాడు, యుక్తవయసుకు రాని పిల్లవాడు - ఈ ముగ్గురి కర్మలు రాసే కలం ఎత్తివేయబడిందని దైవప్రవక్త (స) బోధించారు. హజ్రత్ ఉమర్ (రజి) హయాంలో శిక్ష ఖరారైన ఒక మతిలేని స్త్రీని, ఈ బోధనను గుర్తుచేసి హజ్రత్ అలీ (రజి) విడిపించిన సంగతి మనకు తెలుసు. మరి మన దేశపు కోర్టుల్లో అటువంటివారి గతి ఏమిటి? దాన్ని తేల్చిచెప్పిన న్యాయమూర్తి ఒక తెలుగువాడు.

కోకా సుబ్బారావు 1902 జూలై 15న రాజమండ్రిలో జన్మించారు. మద్రాసులో వకీలుగా పేరు తెచ్చుకుని, 1948లో అక్కడి హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. 1954లో ఆంధ్ర రాష్ట్రానికి గుంటూరులో హైకోర్టు ఏర్పడితే దానికి తొలి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. అప్పట్లో అనంతపురం జిల్లాలో ఉన్న మన మడకశిర హత్యకేసుల అప్పీళ్ళు కూడా అంతదూరం వెళ్ళవలసిందే. 1958లో ఆయన సుప్రీంకోర్టుకు వెళ్ళారు.

1964లో ఆయన ముందుకు గుజరాత్ కేసు ఒకటి వచ్చింది. 1959లో ఒక రాత్రి భర్త భార్యను కత్తితో పొడిచి చంపాడు. ఆ సమయంలో తనకు మతి లేదన్నాడు. తాను చేస్తున్నదేమిటో, అది తప్పో చట్టవిరుద్ధమో తెలుసుకోలేని మతిభ్రమణంలో ఉన్నవాడు నేరస్థుడు కాడని 1860 నాటి శిక్షాస్మృతి 84వ సెక్షన్ చెబుతుంది. చిక్కంతా రుజువు దగ్గరే. ఆ బాధ్యతను చట్టం నిందితుని మీదే పెట్టింది.

సుబ్బారావుగారు ఈ తూకాన్ని సరిచూశారు. నేరబుద్ధిని సందేహానికి తావులేకుండా నిరూపించే భారం మొదటినుంచి చివరిదాకా ప్రభుత్వానిదే. నిందితుడు తన వాదన నిజమై ఉండవచ్చనిపించేంత చూపితే చాలు. అంత కూడా చూపలేకపోయినా, ఉన్న సాక్ష్యం వల్ల నేరబుద్ధి విషయంలో సహేతుకమైన సందేహం కలిగితే అతన్ని విడిచిపెట్టాలి. మన పల్లెల్లో మతి చెదిరినవాణ్ణి తాయెత్తుల చుట్టూ తిప్పుతారే గాని డాక్టరుకు చూపించేవారు తక్కువ. రేపు కోర్టులో పెట్టడానికి ఆస్పత్రి చీటీ ఒక్కటీ ఉండదు. ఇరుగుపొరుగు నోటిమాట తప్ప మరేమీ లేని అలాంటి ఇంటికి ఈ సందేహమే ఆసరా.

అయితే ఆ భర్త విడుదల కాలేదు. భార్య తనకు ఇష్టం లేదని, తీసుకుపొమ్మని మామకు అతను ముందే ఉత్తరం రాసి ఉన్నాడు. ఆ తర్వాత మతి చెదిరిందా లేదా అన్నది కాదు, చంపిన క్షణంలో మతి ఉందా లేదా అన్నదే లెక్క. ఆ క్షణానికి సంబంధించి సాక్ష్యం నిలవలేదు. అప్పీలు కొట్టివేశారు. చనిపోయిన ఆ ఇల్లాలి ప్రాణం కూడా ప్రాణమే కదా!

1966లో ఆయన భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. మరుసటి ఏడాది పదవికి రాజీనామా చేసి రాష్ట్రపతి పదవికి పోటీచేసి, డాక్టర్ జాకిర్ హుసేన్ చేతిలో ఓడిపోయారు. 1976 మే 6న కన్నుమూశారు. 2024 జూలై 1 నుంచి పాత శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 84వ సెక్షన్‌లోని ఆ రక్షణ ఇప్పుడు అందులో 22వ సెక్షన్‌గా ఉంది.