మిత్రుని ప్రాణము నిలిపిన వైద్యుడు

కర్నూలు, కడప సీమల బాలబాలికలు ఏటేట నవంబరు 14వ తేదీన బాలల దినోత్సవము జరుపుకొందురు. 1991 నుండి లోకమంతటను ఆ దినమునే మధుమేహ దినముగా కూడ పాటించుచున్నారు. ఇన్సులిన్ అను ఔషధమును వెలికిదీసిన వారిలో ముఖ్యుడైన ఫ్రెడరిక్ బాంటింగ్ జన్మదినము అదియే.

బాంటింగ్ 1891లో కెనడా దేశమున ఆలిస్టన్ అను ఊరి చెంత రైతు కుటుంబమున పుట్టెను. టొరంటో విశ్వవిద్యాలయమున వైద్యము చదువునపుడు జో గిల్‌క్రిస్ట్ అను సహాధ్యాయి ఆతనికి స్నేహితుడయ్యెను. చదువు ముగిసిన కొలదికాలమునకే గిల్‌క్రిస్టునకు మధుమేహము కలిగెను. చిన్న వయసున వచ్చు ఈ వ్యాధిలో శరీరములోని క్లోమము ఇన్సులిన్‌ను తయారుచేయజాలదు. తిన్న అన్నములోని చక్కెర నెత్తుటిలోనే నిలిచిపోవును. ఒంటికి బలము చేకూరదు. ఆ కాలమున దీనికి మందు లేదు. ఆహారమును మిక్కిలి తగ్గించి, రోగి ఆయువును కొంత పొడిగించుట మాత్రమే వైద్యులకు సాధ్యమయ్యెను. గిల్‌క్రిస్టు ఆకలితో నానాటికి కృశించుచుండెను.

1921 మే నెలలో బాంటింగ్, ఆచార్య మెక్లియాడ్ ప్రయోగశాలలో, చార్లెస్ బెస్ట్ అను యువకుని తోడ్పాటుతో పరిశోధన మొదలిడెను. జంతువుల క్లోమమునుండి తీసిన సారమును కాలిప్ అను శాస్త్రజ్ఞుడు శుద్ధిచేసెను. 1922 జనవరిలో లియొనార్డ్ థాంప్సన్ అను బాలుడు దానివలన మృత్యుముఖమునుండి బయటపడెను.

బాంటింగ్ తన మిత్రుని మరువలేదు. 1921 డిసెంబరులోనే ఆ సారమును నోటిద్వారా ఇచ్చి చూచెను, ఫలింపలేదు. మరుసటి ఫిబ్రవరిలో సూదిమందుగా ఇయ్యగా గిల్‌క్రిస్టునకు సత్తువ తిరిగి వచ్చెను. తొలినాళ్ల ఇన్సులిన్ ఒకమారు బలముగను, ఒకమారు బలహీనముగను ఉండెడిది. మోతాదు మించినచో ప్రాణాపాయము. అందుచే గిల్‌క్రిస్టు క్రొత్తగా తయారైన మందును ముందు తన దేహముపై పరీక్షించుకొనుచు, మాజీ సైనికుల ఆసుపత్రిలో బాంటింగ్‌తో కలిసి రోగులకు చికిత్స చేసెను. మిత్రుని వలన బ్రతికినవాడు పరుల బ్రతుకునకై తన ప్రాణము నొడ్డెను.

1923లో బాంటింగ్, మెక్లియాడులకు నోబెల్ బహుమానము లభించెను. బాంటింగ్ తన వాటాలో సగము బెస్టునకు పంచెను. ఇన్సులిన్‌పై హక్కులను పరిశోధకులు తలకొక డాలరునకే విశ్వవిద్యాలయమునకు అప్పగించిరి. 1941 ఫిబ్రవరిలో విమాన ప్రమాదమున బాంటింగ్ మరణించెను.

నేడు మన పాఠశాలలలోను ఈ వ్యాధి గల పిల్లలు కలరు. ఇది అంటువ్యాధి కాదు. వారికి ప్రతిదినము ఇన్సులిన్ కావలెను. రాయలసీమ వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటును. వేడికి ఆ మందు చెడును. కావున ఫ్రిజ్ లేని ఇండ్లలో దానిని తడి ఇసుకలో ఉంచిన మట్టికుండలో భద్రపరచుకొందురు. తోటి విద్యార్థికి చెమటపట్టి, చేతులు వణకి, మాట తడబడినచో నెత్తుటిలో చక్కెర తగ్గినదని గ్రహింపవలెను. తెలివి ఉన్నచో వెంటనే చక్కెర గాని బెల్లపు నీరు గాని ఇయ్యవలెను. తెలివి తప్పినచో నోట ఏమియు పోయక, ఉపాధ్యాయుని పిలిచి వైద్యుని కడకు చేర్చవలెను. ఇట్టి మిత్రునకు జాలిమాటలకన్న, అతని అవసరము నెరిగి ప్రక్కన నిలుచు తోడు మిన్న.