క్లారా బార్టన్: పేరులేని సమాధులు

యుద్ధభూమిని కూలినవానికి వీరస్వర్గమని లోకము చెప్పుకొనును. శత్రువునకు చిక్కి చెరలో కృశించి చచ్చినవానిని తలచువారరుదు. అట్టివారి పేళ్లు వెదకిన యొక వనిత చరిత్రమును పాఠకుల కెరిగింపగోరుచున్నాము.

క్లారా బార్టన్ 1821 డిసెంబరు 25వ తేదీన అమెరికాలోని మసాచుసెట్సునందు జన్మించెను. న్యూజెర్సీలో ఉచిత పాఠశాలను నెలకొల్పి పెంచగా, అధికారులు దానిపై నొక పురుషుని ప్రధానోపాధ్యాయునిగా నియమించిరి. ఆమె యుద్యోగము వదలి వాషింగ్టనులో ప్రభుత్వ గుమాస్తా యయ్యెను. 1861లో అంతర్యుద్ధము రేగినపిమ్మట మందులు, కట్టుగుడ్డలు బండ్లకెత్తించి రణరంగములకే పోయెను. 1862లో ఆంటీటం వద్ద నొక గుండు ఆమె రవికచేతిని చీల్చి, ఆమె ఉపచరించుచుండిన క్షతగాత్రుని చంపెను.

జార్జియాలోని ఆండర్సన్‌విల్ చెరను దక్షిణపక్షమువారు 1864 ఫిబ్రవరిలో తెరచిరి. దుంగల ప్రాకారమేగాని కప్పులేదు. పదివేలమందికై కట్టినచోట ఆ ఆగస్టునాటికి 32 వేలమంది క్రిక్కిరిసియుండిరి. త్రాగునీరును మురుగుకాలువయు నొక్క వాగే. లోపలి హద్దు దాటినవానిని కావలివారు కాల్చివేయుచుండిరి. పదునాలుగు నెలలలో సుమారు 13 వేలమంది రక్తవిరేచనములచేతను, ఆకలిచేతను, పంటిచిగుళ్లు కుళ్లు స్కర్వీ రోగముచేతను మరణించిరి. ఖైదీల మార్పిడి సాగియుండినచో వీరిలో ననేకులు బ్రతికెడివారు. పట్టుబడిన నల్లజాతి సైనికులను యుద్ధఖైదీలుగా నెంచుటకు దక్షిణపక్షము నిరాకరించుటయే అది నిలిచిపోవుటకు ముఖ్యకారణములలో నొకటి. ఉత్తరపక్షము నిర్దోషియని మేమనజాలము. వారి ఎల్మైరా చెరలో 12 వేలమందిలో దాదాపు 3 వేలమంది చనిపోయిరి.

ఆండర్సన్‌విల్‌లో మృతుల పట్టిక వ్రాయుటకు డారెన్సు ఆట్వాటరను ఖైదీ నియమింపబడెను. ఈ యువకుడు రహస్యముగా రెండవ ప్రతి వ్రాసి దాచుకొనెను. 1865 వేసవిలో బార్టన్, ఆట్వాటరు సైనికోద్యోగులతో నచ్చటికి పోయి, సమాధుల అంకెలను పట్టికతో సరిచూడగా, పేరు తెలియనివి 460 మాత్రమే మిగిలెను. ఆగస్టు 17న ఆమెయే అచ్చట జెండా నెత్తెను. పిమ్మట ఆ పట్టికను దొంగిలించెనని ప్రభుత్వమే ఆట్వాటరును చెరకంపెను! తాను వ్రాసినదానిని తాను దొంగిలించుట యెట్లో మాకు బోధపడకున్నది.

కానరాని సైనికులకై ఆమె వాషింగ్టనులో తెరచిన కార్యాలయమునకు తల్లులనుండి, భార్యలనుండి 63 వేలకు మించి జాబులు వచ్చెను; 22 వేలమందికి పైగా జాడ తెలిసెను. 1881లో అమెరికా రెడ్‌క్రాసును స్థాపించి, 1904 వరకు అధ్యక్షత వహించి, 1912లో దివంగతురాలయ్యెను. కూల్చనెంచిన యొక పాతమేడ యటుకపై 1996లో ఆమె కార్యాలయపు పేరుపలకయు, కాగితములును దొరకెను. ఆ మేడను కూల్చక ప్రదర్శనశాల గావించిరి.