లూసియానో డి మురియేటా

లూసియానో డి మురియేటా (1822 - 1911) స్పెయిన్ దేశంలోని రియోహా ప్రాంతంలో ఎర్ర వైన్‌ను ఓక్ కొయ్య పీపాలలో ఏళ్ళ తరబడి పక్వానికి తెచ్చే పద్ధతిని స్థిరపరచిన ప్రముఖులలో ఒకడు. వృత్తిరీత్యా సైనికుడైన ఇతడు యౌవనంలో ప్రవాసం పాలై, తిరిగివచ్చిన తరువాత ద్రాక్షతోటలకే జీవితాన్ని అంకితం చేశాడు. స్పెయిన్ రాజు ఇతనికి మార్కిస్ బిరుదును ప్రసాదించాడు.

బాల్యం, సైనిక జీవితం

మురియేటా 1822లో దక్షిణ అమెరికాలోని పెరూ దేశంలో, అరెకీపా నగరంలో ఒక స్పెయిన్ సంతతి కుటుంబంలో జన్మించాడు. అప్పుడు పెరూలో స్వాతంత్ర్య సంగ్రామం సాగుతున్నది. 1824లో అయాకూచో యుద్ధంతో అక్కడ స్పెయిన్ పాలన ముగిసింది. ఆ పరిణామాలలో కుటుంబం దేశం విడువగా, ఇతడు లండన్‌లో తన పినతండ్రి వద్ద పెరిగాడు.

యుక్తవయసులో స్పెయిన్ చేరి సైన్యంలో ప్రవేశించి, సేనాధిపతి బాల్దొమేరో ఎస్పార్తెరోకు ఆంతరంగిక సహాయకుడయ్యాడు. 1840 నుండి దేశానికి రాజప్రతినిధిగా ఉన్న ఎస్పార్తెరో 1843లో పదవీచ్యుతుడై ఇంగ్లండుకు పారిపోయినప్పుడు మురియేటా కూడా ఆయనను అనుసరించాడు. ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు వైన్‌కు లండన్ సంపన్నుల విందులలో ఉన్న గౌరవాన్ని ఇతడు ప్రవాసకాలంలో చూశాడు. రియోహా వైన్‌కు అక్కడ స్థానమే లేదు.

రియోహా వైన్ - నాటి స్థితి

రియోహా ఉత్తర స్పెయిన్‌లో ఎబ్రో నది పరీవాహక ప్రాంతం. అక్కడ ద్రాక్ష సమృద్ధిగా పండినా, తయారైన వైన్ ఎక్కువ కాలం నిలిచేది కాదు. కీలు పూసిన మేకతోలు తిత్తులలో రవాణా చేయడం వలన రుచి చెడిపోయేది. బాపట్ల, చీరాల తీరంలోని తాటితోపులలో దించిన కల్లు పొద్దుగూకేసరికి పులిసిపోవడం తెలుగువారికి తెలిసినదే. వైన్ అంత త్వరగా చెడదు గాని, దూరదేశాలకు పంపడానికి మాత్రం నాటి రియోహా వైన్ పనికివచ్చేది కాదు.

అంతకుముందు 1780లలో లబాస్తిదా గ్రామానికి చెందిన మాన్యుయెల్ కింతానో అనే మతాధికారి బోర్డో పద్ధతిని ప్రవేశపెట్టి, వైన్ సముద్రప్రయాణానికి తట్టుకొనగలదని నిరూపించాడు. కానీ ఆ ప్రాంతంలో వైన్‌లన్నింటికీ ఒకే ధర ఉండాలనే నిబంధన అమలులో ఉండేది. పీపాల ఖర్చు భరించినవానికి అదనపు ధర దక్కకపోవడంతో ఆ ప్రయత్నం ఆగిపోయింది.

తొలి ప్రయోగం

మురియేటా బోర్డో వెళ్ళి వైన్ తయారీని అభ్యసించాడు. స్పెయిన్‌కు తిరిగివచ్చి లొగ్రోన్యో పట్టణంలో స్థిరపడి, 1852లో ఎస్పార్తెరోకు చెందిన వైన్ శాలలోనే తన తొలి వైన్‌ను తయారుచేశాడు. దానిని పీపాలలో నింపి కొంత క్యూబాలోని హవానాకు, కొంత మెక్సికోకు పంపాడు. మెక్సికో వెళ్ళే ఓడ సముద్రంలో మునిగిపోయింది. హవానాకు చేరిన సరుకు మాత్రం చెడిపోకుండా మంచి ధర పలికింది. రియోహా వైన్ సముద్రం దాటగలదని ఆ ఒక్క ఓడ ద్వారా రుజువైంది.

ఇదే కాలంలో ఎల్సియేగో గ్రామంలో మార్కిస్ డి రిస్కాల్ కూడా బోర్డో పద్ధతులను అవలంబించాడు. అందువలన ఆధునిక రియోహా వైన్‌కు ఆద్యునిగా కొందరు మురియేటాను, మరికొందరు రిస్కాల్‌ను పేర్కొంటారు.

ఇగాయ్ క్షేత్రం

1872లో రాజు మొదటి అమదేయో ఇతనికి మార్కిస్ డి మురియేటా బిరుదునిచ్చాడు. 1870లలోనే ఇతడు లొగ్రోన్యో సమీపంలోని ఇగాయ్ అనే విశాలమైన భూక్షేత్రాన్ని కొని, అక్కడ ద్రాక్షతోటలు, వైన్ శాల నిర్మించాడు. సొంత తోటలోని పండ్లతోనే వైన్ తయారుచేయడం ఇతని నియమం. ఫిల్లోక్సెరా అనే వేరు పురుగు ఫ్రాన్స్ తోటలను నాశనం చేసినప్పుడు అక్కడి వర్తకులు రియోహాకు తరలివచ్చారు. దానితో ఈ ప్రాంతం ఎంతో లాభపడింది. అయితే 1900 ప్రాంతంలో అదే పురుగు రియోహాను కూడా దెబ్బతీసింది. అమెరికా ద్రాక్ష వేరుమూలాలపై అంటుకట్టి తోటలను తిరిగి నాటవలసి వచ్చింది. వృద్ధాప్యంలో మురియేటా ఈ విపత్తును కూడా చూశాడు. 1911లో లొగ్రోన్యోలో మరణించాడు. ఇతడు అవివాహితుడు.

పాత వైన్ - రుచి, భోజనం

రియోహా ఎర్ర వైన్‌కు ముఖ్యమైనది టెంప్రానియ్యో ద్రాక్ష. దానికి గార్నాచా, మాసుయెలో, గ్రాసియానో రకాలను కలుపుతారు. నేటి నిబంధనల ప్రకారం గ్రాన్ రెసెర్వా అనే ఎర్ర వైన్‌ను కనీసం 5 సంవత్సరాలు నిలువ చేయాలి. అందులో 2 సంవత్సరాలు 225 లీటర్ల ఓక్ పీపాలలో, 2 సంవత్సరాలు సీసాలో ఉంచాలి.

పీపా కొయ్యలోని సూక్ష్మరంధ్రాల గుండా గాలి కొద్దికొద్దిగా ప్రవేశించి వగరును తగ్గిస్తుంది. కొత్త ఆవకాయ ఘాటు ఊరిన కొద్దీ మెత్తబడినట్లు, కొత్త వైన్‌లోని కరకుదనం కాలక్రమంలో శాంతిస్తుంది. రంగు ఊదా ఎరుపు నుండి ఇటుక రంగుకు మారుతుంది. పచ్చిపండ్ల వాసన తగ్గి ఎండుపండ్లు, పొగాకు, తోలు, వెనిల్లాలను తలపించే పరిమళాలు వస్తాయి.

పాత సీసా అడుగున మడ్డి చేరుతుంది గనుక, సీసాను కదలకుండా నిలబెట్టి, తేటను నెమ్మదిగా వేరే పాత్రలోకి వంపుతారు. సుమారు 16 - 18 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రతలో ముందు రంగు చూసి, వాసన పీల్చి, చిన్న గుక్కలో నాలుకపై నిలిపి రుచి చూస్తారు. రియోహాలో ద్రాక్షతీగల పుల్లల నిప్పుపై కాల్చిన గొర్రెపిల్ల మాంసం, పాత జున్నుగడ్డ దీనికి తగిన తోడు. మాంసకృత్తులు, కొవ్వు మిగిలిన వగరును కూడా తగ్గిస్తాయి. మిరపకారం ఎక్కువైన వంటకం ముందు ఈ సున్నితమైన పరిమళాలు నిలువవు.

వారసత్వం

1983లో ఈ సంస్థ క్రెయిక్సెల్ కౌంట్ విసెంతె సెబ్రియాన్ కుటుంబం చేతికి వచ్చింది. 1942 పంటతో తయారైన ఇగాయ్ వైన్ నలభై ఏళ్ళకు పైగా పీపాలలోనే ఉండి ఆ సంవత్సరమే సీసాలకెక్కింది. అది తయారైననాడు పీపా నింపిన వారిలో ఎందరో దాని రుచి చూడనేలేదు. 2010 నాటి కాస్తియ్యో ఇగాయ్ వైన్‌ను 2020లో అమెరికా పత్రిక వైన్ స్పెక్టేటర్ ఆ సంవత్సరపు మేటి వైన్‌గా ఎంపిక చేసింది. మురియేటా తొలి పీపాలను ఓడకెక్కించి అప్పటికి 168 సంవత్సరాలైంది.