రహీం సాహెబు

సయ్యద్ అబ్దుల్ రహీం 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదు నగరమున జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి పట్టము పొందెను. చదువుకొను దినములలోనే ఆ విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ జట్టులో ఆడెను. కాని లోకము ఆయనను ఎఱుగునది ఆటగానిగా కాదు, ఆట నేర్పిన గురువుగా. వృత్తిచే ఆయన బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలగు చోట్ల గల పాఠశాలలలో పనిచేసెను. వ్యాయామవిద్యలో డిప్లొమా పొంది ఆటలు నేర్పు భారమును గూడ వహించెను. పంతులెంత ప్రేమించినను, తన తరగతిలోని మంచి విద్యార్థిని ఏడాది చివర పై తరగతికి పంపక తప్పదు. ఈ సంగతి రహీం జీవితమున వేఱొక రీతిగా పదే పదే ఎదురైనది.

1943వ సంవత్సరమున ఆయన హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షకుడయ్యెను. ఆ జట్టులోని వారు పెద్ద చదువులు చదివినవారు కారు. ఫుట్‌బాల్ బాగుగా ఆడుట చేతనే కొలువు దొరికిన సామాన్య కుటుంబముల యువకులు. వారికి ఆయన నేర్పిన పద్ధతి ఆ రోజులలో క్రొత్తది. మన దేశపు ఆటగాడు బంతి చిక్కగానే దానిని కాళ్ళ నడుమ ఆడించుచు, ఒకరిని ఇద్దరిని తప్పించి, చూచువారి చప్పట్లు పొందవలెనని ఉబలాటపడెడివాడు. రహీం దీనిని మాన్పించెను. బంతి వచ్చిన వెంటనే దగ్గఱనున్న తోడివానికి అందించి, తాను ఖాళీచోటునకు పరుగెత్తవలెనని బోధించెను. ఇందుకొఱకు బంతిని అట్టిపెట్టుకొని తప్పించుకొనుట నిషేధించిన పోటీలను నడిపెను. కుడికాలి వాటము గలవారు ఎడమకాలితోనే తన్నవలెనను నియమముతో మఱికొన్ని పోటీలు పెట్టెను. వినుటకు ఇవి పిల్లలాటల వలె తోచును. కాని వాటమైన కాలిని కట్టివేసి ఆడుట యెంత కష్టమో ఒక్క సాయంకాలము ప్రయత్నించిన వారికి తెలియును.

ఫలితములు త్వరలోనే కనబడెను. బొంబాయిలో జరుగు రోవర్స్ కప్పును పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదు సార్లు గెలిచెను. 1950లో డ్యూరాండు కప్పు తుది పోటీలో కలకత్తా వారి మోహన్ బగాన్‌ను ఓడించెను. 1954, 1957, 1961 సంవత్సరములలో కూడ డ్యూరాండు కప్పు ఆ జట్టునకే దక్కెను. ఫుట్‌బాల్ అనగా కలకత్తాయే అనుకొను దేశమునకు దక్షిణమున హైదరాబాదొకటి కలదని తెలిసివచ్చెను.

ఈ కీర్తియే ఒక చిక్కును తెచ్చిపెట్టినది. ఆ కాలమున మన దేశములో ఫుట్‌బాల్ జీతము పుచ్చుకొని ఆడునది కాదు. ఆటగాడు పోలీసులోనో, రైల్వేలోనో, సైన్యములోనో ఉద్యోగము చేయుచు ఆడవలసినదే. సామాన్యపు జీతముతో ఇంటిల్లిపాదిని పోషింపవలసిన యువకునకు కలకత్తానుండి పిలుపు వచ్చుట చిన్న విషయము కాదు. ఆ నగరమున మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మొహమ్మడన్ స్పోర్టింగ్ అను మూడు పెద్ద క్లబ్బులుండెను. వాని ఆట చూచుటకు వేలకొలది జనము వచ్చుచుండిరి. పేరు, ఆదరణ, అంతకంటె మంచి బ్రతుకు అచట దొరకునను ఆశ ఉండెను. హైదరాబాదున తయారైన ఆటగాళ్ళు ఒక్కరొక్కరుగా తూర్పుదారి పట్టిరి.

వారిలో మిక్కిలి ప్రసిద్ధుడు తులసీదాస్ బలరాం. ఇతడు 1936లో సికిందరాబాదు దాపునగల అమ్ముగూడలో ఒక బీద కుటుంబమున పుట్టెను. స్థానిక పోటీలలో ఇతని ఆట చూచిన రహీం నగరమునకు వచ్చి అభ్యాసము చేయుమని పిలిచెను. అంత దూరము దినదినము వచ్చుటకు చేతిలో కాసు లేదని ఆ కుఱ్ఱవాడు చెప్పగా, అద్దె సైకిలుకు కావలసిన డబ్బు రహీమే ఇచ్చెను. ఆ సైకిలు మీద వచ్చిన బాలుడు 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సులో ఆడెను. ఆ మఱుసటి యేడే, 1957లో, ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరి కలకత్తాకు పోయెను.

ఇది కృతఘ్నత యగునా? సైకిలు అద్దె ఇచ్చిన గురువును విడిచి పోవుట తగునా యని ఎవరైన అడుగవచ్చును. కాని బీదయింట పుట్టినవాడు మంచి బ్రతుకు వెదకికొనుట తప్పని చెప్పుట కడుపు నిండినవారికే సులభము. పైగా బలరాం పోయిన చోట సోమరిగా ఉండలేదు. 1961లో ఈస్ట్ బెంగాల్ నాయకుడై ఆ జట్టునకు కలకత్తా లీగు గెలిచి పెట్టెను. అట్లని హైదరాబాదునకు నష్టము లేదనరాదు. పదిమందిని కలిపి ఒక్క యంత్రము వలె నడుపు పద్ధతిలో ఒక్కడు తప్పుకొన్నచో మిగిలినవారి అలవాటంతయు మఱల మొదటి నుండి సరిదిద్దవలెను. రహీం ఆ పనినే చేసెను. 1957 డ్యూరాండు కప్పు తుది పోటీలో హైదరాబాదు పోలీసులు ఓడించినది ఆ ఈస్ట్ బెంగాల్ జట్టునే. ఆయన మాత్రము 1943లో పూనిన పోలీసు జట్టును ప్రాణమున్నంత వఱకు విడువలేదు.

పోలీసు జట్టు మాత్రమే కాక దేశపు జట్టు భారము కూడ ఆయనపై పడెను. 1951లో న్యూఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో ఇరాన్‌ను 1–0 తో గెలిచి మనవారు బంగారు పతకము పొందిరి. మఱుసటి యేడు హెల్సింకి ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో 10–1 తో చిత్తుగా ఓడిరి. ఆ చలిలో మనవారిలో పెక్కుమంది వట్టికాళ్ళతో ఆడిరి. ఈ ఓటమి తరువాతనే బూట్లు తొడుగుట మన ఆటలో తప్పనిసరి యైనది. 1956లో మెల్‌బోర్న్‌కు పోయిన జట్టులో బలరాంతో పాటు నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహమ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్ అను హైదరాబాదు వారుండిరి. ఆస్ట్రేలియాను 4–2 తో ఓడించి భారతదేశము నాలుగవ స్థానము పొందెను. 1960లో రోమ్‌కు పోయిన జట్టులో రహీం కుమారుడు హకీం కూడ ఉండెను. కాని తండ్రి అతనిని ఒక్క పోటీలోను దింపలేదు. కలకత్తా పోయిన బలరాం మాత్రము అచట ఆడి హంగేరీపై, పెరూపై గోల్సు చేసెను.

1962లో జకార్తాలో ఆసియా క్రీడలు జరిగెను. ఆనాటి మన ముందువరుసను చూచిన, ఒక్క క్లబ్బును నమ్ముకొనుటయా, మాఱుటయా అను ప్రశ్నకు ఉన్న జవాబులన్నియు అందులోనే కనిపించును. నాయకుడు చునీ గోస్వామి బాల్యము నుండి మోహన్ బగాన్‌ను విడువనివాడు. పి.కె. బెనర్జీ పెద్ద క్లబ్బుల వైపు చూడక ఈస్టర్న్ రైల్వే జట్టులోనే నిలిచి, 1958లో దానికి కలకత్తా లీగు తెచ్చినవారిలో ఒకడు. యూసఫ్ ఖాన్ రహీం దగ్గఱనే ఉండిన హైదరాబాదు పోలీసు. బలరాం పోయినవాడు. గురువునకు వీరిలో భేదము లేదు. ఎవడెచ్చటికి పోయెనని కాక, బంతి వచ్చినపుడు ఎవడేమి చేయుననియే ఆయన చూచెను.

మొదటి పోటీలో దక్షిణ కొరియా 2–0 తో మనలను ఓడించెను. థాయిలాండుతో ఆడునపుడు రక్షకుడు జర్నైల్ సింగ్ నుదురు పగిలి కుట్లు పడెను. కుట్లు పడిన తలతో రక్షకుని పని కష్టమని తలచి, రహీం అతనిని ముందువరుసకు మార్చెను. ఎవరును ఊహింపని యీ మార్పుతో దక్షిణ వియత్నాంపై 3–2 తో గెలిచి తుది పోటీకి చేరిరి. ఇజ్రాయేలు, తైవాను దేశముల వారిని క్రీడలకు రానీయకపోవుటను భారతీయ అధికారి యొకరు విమర్శించుటచే ఆ నగరమున మనవారిపై ఆగ్రహము రగులుచుండెను. సెప్టెంబరు 4వ తేదీన నిండిన మైదానమంతయు మనవారిని గేలి చేయుచుండగా, మొదటి అరగంట గడువక ముందే బెనర్జీ యొకటి, కుట్ల తలతో జర్నైల్ సింగ్ ఒకటి గోల్సు చేసిరి. చివరి నిమిషములలో కొరియా ఒక్కటి చేసినను, 2–1 తో బంగారము మనదయ్యెను.

రహీం ఊపిరితిత్తుల పుట్టకురుపు వ్యాధికి లోనయ్యెను. జకార్తా విజయమునకు తొమ్మిది మాసములైన తరువాత, 1963 జూన్ 11వ తేదీన, ఏబది మూడేండ్ల వయసున ఆయన కన్నుమూసెను. ఆ యేడే బలరాం ఈస్ట్ బెంగాల్‌ను వీడి బెంగాల్ నాగపూర్ రైల్వే జట్టులో చేరెను. అనారోగ్యముచే అతని ఆట త్వరలోనే ముగిసెను. అతడు హైదరాబాదునకు తిరిగి రాక, బెంగాలులోని ఉత్తరపాడలో స్థిరపడి 2023లో మరణించెను.

రహీం పోయిన రెండేండ్లకు ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీని గెలిచెను. అందులో మెఱసిన మహమ్మద్ హబీబ్ అను హైదరాబాదు యువకుడు, తోటి నయీముద్దీనుతో కూడ, 1966లో కలకత్తా పోయి ఈస్ట్ బెంగాల్‌లో చేరెను. ఆసియా క్రీడలలో ఫుట్‌బాల్ బంగారు పతకము మాత్రము జకార్తా తరువాత మన దేశమునకు మఱల రాలేదు.