శస్త్రవైద్యుడు ఆంబ్రువాజ్ పారే

నాటుమందు లన్నియు మూఢవిశ్వాసములని త్రోసివేయువారును, పూర్వులు చెప్పిన దంతయు సత్యమని నమ్మువారును మనలో గలరు. ఈ యుభయపక్షములవారును ఫ్రాన్సు దేశపు శస్త్రవైద్యుడగు ఆంబ్రువాజ్ పారే చరిత్రము నెఱుగుట మంచిదని మేము తలంచుచున్నాము.

పారే 1510 ప్రాంతమున లవాల్ పట్టణసమీపమున జన్మించెను. ఆ కాలమున కోతలు, కట్లు మంగలివారి వృత్తిగా నుండెను. లాటిను చదివిన వైద్యపండితులు వారిని చులకనగా జూచుచుండిరి. లాటిను రాని పారే ఆ వృత్తియందే ప్రవేశించి, పారిసు నగరమందలి ఓటెల్ ద్యూ వైద్యశాలలో పని నేర్చి, ఫ్రెంచి సేనతో ఇటలీకి వెడలెను.

తుపాకి గాయము విషమయమనియు, ఎల్డర్ చెట్టు తైలమును మరగించి అందు బోసినగాని ఆ విషము విఱుగదనియు నాటి గ్రంథములు విధించెను. 1537 ప్రాంతమున, ట్యూరిన్ నగరము కొఱకు జరిగిన యుద్ధమున ఒకనాడు ఆ తైలము నిండుకొనెను. గత్యంతరము లేక పారే గ్రుడ్డు పచ్చసొన, గులాబి తైలము, చెట్టుబంకయగు టర్పెంటైను కలిపి మిగిలినవారి గాయములకు బూసెను. వారు విషమెక్కి మరణింతురేమో యను భయమున అతనికి ఆ రాత్రి నిదుర పట్టలేదు. వేకువనే పోయి చూడగా, క్రొత్తమందు పూసినవారు బాధ తగ్గి యుండిరి. కాగిన నూనె పోయబడినవారు జ్వరముతో, వాచిన గాయములతో మూలుగుచుండిరి. ఇక నెవ్వరి గాయమునను మరగునూనె పోయరాదని అతడు నిశ్చయించుకొనెను.

కాలినచోట ఉప్పు చేర్చి నూరిన పచ్చి ఉల్లిని పట్టించిన బొబ్బ లెక్కవని ఒక పల్లెటూరి ముదుసలి అతనికి జెప్పెను. పారే ఆమెను పరిహసింపలేదు, వెంటనే నమ్మనులేదు. తుపాకిమందుచే మొగము కాలిన యొక సైనికునికి కొంతమేర ఉల్లిని, తక్కినమేర వాడుకమందులను పెట్టి భేదమును కన్నులార జూచెను. ఉల్లి పెట్టినచోట బొబ్బలు లేవయ్యెను.

1545లో తన యనుభవములను ఫ్రెంచి భాషలోనే గ్రంథముగా ప్రకటించెను. అవయవచ్ఛేదమునందు కాల్చిన ఇనుముతో వాతలు పెట్టుటకు మారుగా రక్తనాళములను దారముతో గట్టు పద్ధతిని వ్యాపింపజేసెను. 1575లో అతని సమగ్రగ్రంథములు వెలువడగా పారిసు వైద్యపరిషత్తు ఆక్షేపించెను. అయినను అతడు నలుగురు రాజుల కొలువున శస్త్రవైద్యుడై, 1590లో కాలధర్మము నొందెను.

ట్యూరినులో కలిగిన మేలున పెద్దపాలు లేపనముది కాదనియు, మరగునూనె మానుటదే యనియు నేడు తలంపవచ్చును. పారే గొప్పతనము మందులో గాక, గ్రంథముకంటె కన్నులు చూచినదానిని ప్రమాణముగా గొనుటలో నున్నది. పసుపు, వేపాకు, తేనె తరతరములుగా మన యిండ్లలో గాయములకు వాడబడుచున్నవి. వానిని పొగడుటయు తెగడుటయు సులభము. ప్రక్కప్రక్కన బెట్టి పరీక్షించి, ఫలితమును ప్రజల భాషలో దెలుపుటయే కష్టము. ఆ కష్టమున కోర్చు వైద్యులే పారేకు నిజమైన వారసులని మా యభిప్రాయము.